అట్ట ఫోటో వెనక్కి తిప్పండి: ఐర్లాండ్‌లో విక్టోరియా కాలపు స్టూడియో కుటుంబం చరిత్ర వెతకడం ఎలా

డబ్లిన్‌లో పాత సామాన్లు అమ్మే సంతల్లో, చెప్పుల డబ్బాల్లో, అట్టకు అంటించిన చిన్న ఫోటోలు కుప్పలుగా దొరుకుతాయి. గడ్డం పెద్దమనిషి, గంటలా విచ్చుకున్న గౌనులో ఒక ఆవిడ, బిగుసుకుపోయి నిలబడ్డ పిల్ల. వాళ్లెవరో చెప్పే ఆధారం చాలాసార్లు ఉండదు. కానీ వాళ్లను ఫోటో తీసిందెవరో వెనక అచ్చులో ఉంటుంది, వీధి పేరు, ఇంటి నంబరుతో సహా. నేను అలాంటి ఒక అట్టతో మొదలుపెట్టి, తండ్రి నుంచి కొడుకులకు, ఒక వీధి నుంచి ఇంకో వీధికి, డబ్లిన్ నుంచి లండన్ దాకా వెళ్లిన ఒక కుటుంబం వెంట పడ్డాను. ఆ పని మీరూ చేయాలనుకుంటే ఏది ముందు చూడాలో, ఎక్కడ పొరపాటు జరుగుతుందో రాస్తున్నాను. ఉదాహరణకి డబ్లిన్‌లో ఫోటోలు తీసిన లాడర్ కుటుంబాన్ని తీసుకుంటాను, ఎందుకంటే ఈ వెతుకులాటలో ఎదురయ్యే చిక్కులన్నీ ఆ ఒక్క ఇంట్లోనే ఉన్నాయి.

ముందే ఒక మాట. మనిషి పేరు పట్టుకుని వెళ్లకండి, చిరునామా పట్టుకుని వెళ్లండి. పేరు మారుతుంది, అమ్ముడుపోతుంది, కొడుక్కీ మనవడికీ అదే పేరు పెడతారు. ఫలానా వీధిలో ఫలానా నంబరు ఇల్లు మాత్రం ఎక్కడికీ పోదు.

మొదటి పని: అట్టని చదవడం

స్కేలు తీసుకుని కొలవండి. అట్ట సుమారు 6.3 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే అది కార్ట్ డి విజిట్. పారిస్‌లో డిస్డేరి అనే ఫోటోగ్రాఫర్ 1854లో పేటెంటు తీసుకున్న సైజు ఇది, 1860ల్లో ఇళ్లలో ఆల్బమ్‌లన్నీ వీటితోనే నిండాయి. సుమారు 10.8 వెడల్పు, 16.5 ఎత్తు ఉంటే క్యాబినెట్ కార్డు, అది 1866 తర్వాత వచ్చింది. పల్చటి అట్ట, చతురస్రంగా కోసిన మూలలు, వెనక రెండు మూడు వరసల సాదా అచ్చు ఉంటే 1860ల వైపు చూడండి. మూలలు గుండ్రంగా మారడం 1870ల్లో మొదలైంది. మందపాటి అట్ట, అంచుకి బంగారు రంగు, వెనకంతా తీగలూ పతకాలూ రాజముద్రలూ ఉంటే 1880లు, ఆ తర్వాత. ఇవి అంచనాలు మాత్రమే. పాత అట్టలు మిగిలిపోతే స్టూడియోవాళ్లు వాటినే వాడేసేవాళ్లు కాబట్టి నాలుగైదేళ్లు అటూ ఇటూ వదిలిపెట్టండి.

గట్టి ఆధారం వెనక ఉన్న అచ్చులో ఉంటుంది. 1865 డబ్లిన్ అంతర్జాతీయ ప్రదర్శనలో పతకం వచ్చిందని వేసుకుంటే ఆ ఫోటో అంతకుముందుది అయ్యే అవకాశం లేదు. రాణిగారి ఫోటోగ్రాఫర్ అని వేసుకుంటే ఆ అధికార పత్రం ఏ సంవత్సరం ఇచ్చారో వెతకండి. రెండు చిరునామాలు ఉంటే రెండో బ్రాంచి తెరిచాక తీసినది. చేత్తో పెన్సిల్‌తో రాసిన అంకె కనిపిస్తే అది చాలాసార్లు నెగిటివ్ నంబరు. అదే స్టూడియోవి పది పదిహేను అట్టలు ఆ నంబర్లతో పోగేస్తే, ఏ నంబరు ఏ ఏడాది దగ్గర పడుతుందో మీకే ఒక లెక్క చిక్కుతుంది.

ఒక్క మాట దగ్గర మనవాళ్లు కచ్చితంగా పొరబడతారు. పేరు ముందు 'లేట్' అని ఉంటే మనకు అది చనిపోయినవాళ్ల గురించి. ఆ కాలపు అట్ట మీద 'లేట్' అంటే 'మునుపు' అని అర్థం. 'లేట్ ఆఫ్ పారిస్' అంటే ఇంతకుముందు పారిస్‌లో ఉన్నాడని, 'లేట్ విత్ ఫలానా' అంటే ఇంతకుముందు ఫలానా స్టూడియోలో పనిచేశాడని. ఈ మాట కనిపిస్తే వదలకండి, అది మిమ్మల్ని నేరుగా ఇంకో స్టూడియోకి తీసుకెళ్తుంది.

ఇక లాడర్ల సంగతికొద్దాం. ఎడ్మండ్ లాడర్ 1853లో డబ్లిన్‌లో డాగెరోటైప్ (వెండి పూసిన రాగి రేకు మీద ఫోటో తీసే తొలి పద్ధతి) స్టూడియో తెరిచాడు. ఆ నగరంలో మొట్టమొదటి స్టూడియో 1841లో రొటుండా అనే భవనంలో మొదలైంది, అంటే ఆ విద్య ఊరికి వచ్చి పన్నెండేళ్లే అయింది. ఆయన కొడుకు జేమ్స్ స్టాక్ లాడర్ 1880లో 30 వెస్ట్‌మోర్లాండ్ స్ట్రీట్‌లో సొంత స్టూడియో పెట్టి దానికి 'లాఫాయెట్' అని పేరు పెట్టాడు. పారిస్ నుంచి వచ్చిన జాక్ లాఫాయెట్ అని చెప్పుకున్నాడు. ఫ్రెంచి పేరుంటే గిరాకీ బాగుండే కాలం అది. ఇప్పుడు మీరు లాఫాయెట్ అనే మనిషి కోసం పెళ్లి రిజిస్టర్లలో వెతికితే నెలలు గడుస్తాయి, మనిషి దొరకడు. అందుకే చిరునామా పట్టుకోమన్నాను.

రెండో పని: డైరెక్టరీలతో ఒక పట్టిక

ఒక కాగితం మీదో ఎక్సెల్‌లోనో ఎడమ పక్క సంవత్సరాలు రాసుకోండి, 1841 నుంచి 1911 దాకా. పక్కన చిరునామా, బోర్డు మీద పేరు, ఆధారం ఎక్కడ దొరికింది. ఇంతే చాలు.

డైరెక్టరీ అంటే ఊళ్లో ఎవరు ఏ చిరునామాలో ఉన్నారో అచ్చువేసిన పుస్తకం. డబ్లిన్ అయితే థామ్స్ డైరెక్టరీ. 1844 నుంచి ఏటా వచ్చింది. అందులో వీధుల వారీగా ఒక భాగం, పేర్ల వారీగా ఒకటి, వృత్తుల వారీగా ఒకటి ఉంటాయి. మూడూ చూడండి. వీధి భాగంలో ఆ భవనంలో ఇంకెవరున్నారో కూడా కనిపిస్తుంది. కింద దుకాణం ఒకరిది, పై అంతస్తులో గాజు కప్పు వేసుకుని స్టూడియో ఇంకొకరిది అవడం మామూలే, ఎందుకంటే కరెంటు దీపాలు లేని రోజుల్లో ఫోటోకి ఆకాశం వెలుతురే దిక్కు. చిన్న ఊళ్లకైతే స్లేటర్స్ డైరెక్టరీ, అది 1846, 1856, 1870, 1881, 1894 సంవత్సరాల్లో వచ్చింది. కార్క్‌కి గైస్ డైరెక్టరీ ఉంది, దాన్ని వేసిన గై సంస్థ ఫోటోల వ్యాపారమూ చేసింది. బెల్‌ఫాస్ట్ వీధుల డైరెక్టరీలు ప్రోని, అంటే ఉత్తర ఐర్లాండ్ పబ్లిక్ రికార్డ్ ఆఫీసు వెబ్‌సైటులో ఉచితంగా చదవొచ్చు.

రెండు జాగ్రత్తలు. డైరెక్టరీ మీద 1862 అని ఉంటే లోపలి సమాచారం 1861 చివర్లో పోగేసినదని లెక్కపెట్టుకోండి. ఇంకోటి, మొదటి ఇరవై ఏళ్లలో 'ఫోటోగ్రాఫర్లు' అనే శీర్షిక కింద మాత్రమే చూస్తే చాలామంది తప్పిపోతారు. డాగెరోటైప్ కళాకారులు, చిత్రకారులు, కళ్లద్దాల వాళ్లు, మందుల దుకాణాలు, పటాలు కట్టేవాళ్లు, ఈ శీర్షికలన్నీ చూడండి. డబ్లిన్ సాక్‌విల్ స్ట్రీట్‌లో ఫోటోలు తీసిన చాన్సలర్ కుటుంబం గడియారాల వ్యాపారంలో పేరున్నవాళ్లు. వెస్ట్‌మోర్లాండ్ స్ట్రీట్ లాంటి పేర్లని ఒక అక్షరం తేడాతో రెండు రకాలుగా రాసేవాళ్లు, వెతికేటప్పుడు రెండూ కొట్టండి.

వీధి పేర్లు మారిన సంగతి కూడా గుర్తుంచుకోండి. డబ్లిన్ సాక్‌విల్ స్ట్రీట్ 1924 నుంచి ఓకానెల్ స్ట్రీట్. గ్రేట్ బ్రన్స్‌విక్ స్ట్రీట్ ఇప్పుడు పియర్స్ స్ట్రీట్. కింగ్స్‌టౌన్ అంటే ఇప్పటి డన్ లీరీ, క్వీన్స్‌టౌన్ అంటే కోవ్. అట్ట మీద క్వీన్స్‌టౌన్ అని ఉంటే అమెరికా వెళ్లే ఓడ ఎక్కే ముందు తీయించుకున్న ఫోటో అయి ఉండొచ్చు, ఆ రేవు నుంచి లక్షల మంది వెళ్లిపోయారు.

మూడో పని: మనుషులని పట్టుకోవడం, అగ్ని మిగిల్చిన కాగితాలతో

ఇక్కడ ఐర్లాండ్ సంగతి వేరు. ఇంగ్లండ్‌లో అయితే 1841 నుంచి పదేళ్లకోసారి జనాభా లెక్కలు తీసి చూస్తే కుటుంబం మొత్తం వరసగా కనిపిస్తుంది. ఐర్లాండ్‌లో 1861, 1871 లెక్కల కాగితాలని ప్రభుత్వమే నాశనం చేయించింది, 1881, 1891 లెక్కలని మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కొరతకి గుజ్జు చేసేశారు, 1821 నుంచి 1851 దాకా ఉన్నవి అంతర్యుద్ధంలో 1922 జూన్ 30న డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లో రికార్డ్ ఆఫీసు తగలబడినప్పుడు దాదాపు అన్నీ పోయాయి. స్టూడియోలు వెలిగిపోయిన కాలమంతా మనకి జనాభా లెక్కలు లేవు. ఆ మంటలు అయిపోయి వందేళ్లు దాటినా, ఒక కుటుంబం కోసం కూర్చుని ఖాళీ గడులు చూస్తున్నప్పుడు ఆ నష్టం ఎంతటిదో తెలిసి నిజంగా బాధ వేస్తుంది. నూరేళ్లు నిండిన సందర్భంగా, 2022 జూన్ చివర్లో, వర్చువల్ రికార్డ్ ట్రెజరీ అనే ఉచిత వెబ్‌సైటు తెరిచారు. పోయిన వాటికి ఇతర చోట్ల మిగిలిన నకళ్లని పోగేసి అందులో పెడుతున్నారు. ఒకసారి ఇంటిపేరు, వీధి పేరు కొట్టి చూడండి.

ఆ ఖాళీని నింపేది జనన మరణ వివాహ రిజిస్టర్లు. కేథలిక్‌లు కానివాళ్ల పెళ్లిళ్లు 1845 ఏప్రిల్ 1 నుంచి, అందరి జననాలూ మరణాలూ పెళ్లిళ్లూ 1864 జనవరి 1 నుంచి ప్రభుత్వ రిజిస్టర్లలో ఉన్నాయి. ఐరిష్‌జీనియాలజీ డాట్ ఐఈ అనే ప్రభుత్వ సైటులో అసలు పేజీల బొమ్మలే ఉచితంగా చూడొచ్చు. జననమైతే వందేళ్లు, పెళ్లి అయితే 75, మరణమైతే 50 ఏళ్లు దాటి ఉండాలి. ఇప్పటి ఉత్తర ఐర్లాండ్‌కి సంబంధించినవి మాత్రం అక్కడి రిజిస్టర్ ఆఫీసు సైటులో కొద్దిగా డబ్బు కట్టి చూడాలి.

నాకు బాగా ఉపయోగపడిన ఉపాయం ఇది. స్టూడియో యజమానికి ఏడెనిమిది మంది పిల్లలు ఉండటం ఆ రోజుల్లో వింతేమీ కాదు. ఒక్కో బిడ్డ జనన నమోదులో పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, తండ్రి వృత్తి ఉంటాయి. పిల్లలందరివీ వరసగా తీసి మీ పట్టికలో వేయండి. రెండేళ్లకోసారి ఒక చిరునామా, ఒక వృత్తి. ఒక బిడ్డ పుట్టినప్పుడు తండ్రి 'చిత్రకారుడు', తర్వాతి బిడ్డకి 'ఫోటోగ్రాఫర్', ఇంకో బిడ్డకి ఇల్లు స్టూడియో పై అంతస్తు నుంచి సముద్రం పక్క శివారుకి మారింది, అంటే వ్యాపారం కలిసొచ్చిందని అర్థం. పెళ్లి నమోదులో ఇద్దరి తండ్రుల పేర్లూ వృత్తులూ ఉంటాయి. ఫోటోగ్రాఫర్ కూతురు ఇంకో ఫోటోగ్రాఫర్‌ని చేసుకుంటే రెండు స్టూడియోల చరిత్ర అక్కడ కలిసిపోతుంది. సాక్షి సంతకాలు కూడా చదవండి, తమ్ముడో భాగస్వామో అయి ఉంటాడు.

అమ్మాయిల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిపోతుంది కాబట్టి చాలా కథలు అక్కడే తెగిపోతాయి. రీటచింగ్ (ఫోటోలో మచ్చలు, లోపాలు సరిచేయడం), రంగులు అద్దడం, గిరాకీని చూసుకోవడం చాలాచోట్ల ఆడవాళ్లే చేశారు. అట్ట మీద వాళ్ల పేరు ఉండదు. 1901, 1911 జనాభా లెక్కలు మాత్రం పూర్తిగా ఉన్నాయి, ఐర్లాండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైటులో ఉచితం. వాటిలో వృత్తి గడి తప్పకుండా చూడండి. వితంతువైన తల్లి పేరు పక్కనా పెళ్లికాని కూతురి పేరు పక్కనా 'ఫోటోగ్రాఫర్' అనో 'రీటచర్' అనో కనిపిస్తే ఆ స్టూడియో నిజంగా ఎవరి చేతుల మీద నడిచిందో తెలుస్తుంది. 1911 ఫారంలో పెళ్లై ఎన్నేళ్లయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికి ఉన్నారు అనేవీ అడిగారు. ఇన్ని ఫోటోలు తీసిన ఇంట్లో తమ పిల్లల్లో సగం మందిని పోగొట్టుకున్నారని ఆ గడిలో చదివాక, చేతిలోని ఆ అట్టని మునుపటిలా చూడలేం.

ఒక పొరపాటు మాత్రం చేయకండి, నేను చేశాను. తాత పేరు మనవడికి పెట్టడం వాళ్లకీ ఆనవాయితీ. పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు పెట్టడం బాగా వాడుక. నేను బాబాయినీ అన్న కొడుకునీ ఒకే మనిషి అనుకుని నెల రోజుల పని వృథా చేసుకున్నాను. చిరునామా, వయసు, భార్య పేరు, ఈ మూడింట్లో రెండైనా కలవకపోతే ఇద్దరినీ వేర్వేరు వరసల్లోనే ఉంచండి.

1864కి ముందు పుట్టినవాళ్లకి చర్చి రిజిస్టర్లే ఆధారం. కేథలిక్ పారిష్‌లవి (ఒక్కో చర్చి పరిధిలోని ప్రాంతాలవి) సుమారు 1880 దాకా ఐర్లాండ్ నేషనల్ లైబ్రరీ సైటులో ఉచితంగా ఉన్నాయి. చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ అనే ప్రొటెస్టెంట్ శాఖ వాళ్ల రిజిస్టర్లలో సగానికి పైగా ఆ 1922 మంటల్లోనే పోయాయి.

నాలుగో పని: భవనం

గ్రిఫిత్స్ వాల్యుయేషన్ 1847 నుంచి 1864 మధ్య పన్ను కోసం దేశమంతా ఇల్లిల్లూ లెక్కగట్టిన పుస్తకం, ఉచితంగా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దానికంటే మనకి పనికొచ్చేది ఆ తర్వాత వచ్చిన సవరణ పుస్తకాలు. ఒక ఇంట్లో అద్దెదారు మారితే అధికారి పాత పేరు కొట్టేసి, వేరే రంగు సిరాతో కొత్త పేరు రాసి, పక్కన సంవత్సరం వేసేవాడు. ఒకే పేజీలో ఏళ్ల తరబడి జరిగిన రాకపోకలు రంగురంగుల్లో కనిపిస్తాయి. ఇప్పటి ఉత్తర ఐర్లాండ్‌లోని ఆరు కౌంటీల (జిల్లాల) పుస్తకాలు ప్రోని సైటులో ఉన్నాయి, మిగతావాటికి డబ్లిన్‌లో చూడాలి. స్టూడియో ఎప్పుడు చేతులు మారిందో డైరెక్టరీ కంటే ఇదే నమ్మకంగా చెబుతుంది.

కౌలు కాగితాల కోసం 1708లో మొదలైన రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్, అంటే ఆస్తి పత్రాలు నమోదు చేసే ఆఫీసు, ఇప్పుడు డబ్లిన్ హెన్రియెట్టా స్ట్రీట్‌లో ఉంది. దాని పాత సంపుటాల మైక్రోఫిల్ములు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో చూడొచ్చు. చేతిరాత చదవడం మొదట్లో విసుగ్గా ఉంటుంది, వారానికి అలవాటవుతుంది.

ఐదో పని: వార్తాపత్రికలు, వీలునామాలు

పాత పత్రికలు రెండు సైట్లలో ఉన్నాయి, బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్, ఐరిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్స్. రెండూ డబ్బు కట్టాల్సినవే, కానీ చాలా లైబ్రరీల్లో కూర్చుంటే ఉచితం. ముందుగా మీ పట్టిక తయారుచేసుకుని, ఒక నెల చందా కట్టి, ఆ నెలలో అన్నీ చూసేయండి. ఇక్కడ కూడా ఇంటిపేరు బదులు చిరునామా కొట్టండి, '30 వెస్ట్‌మోర్లాండ్' అన్నట్టు. ఫ్రీమన్స్ జర్నల్, ఐరిష్ టైమ్స్, బెల్‌ఫాస్ట్ న్యూస్‌లెటర్, కార్క్ ఎగ్జామినర్, వీటి మొదటి పేజీలన్నీ ప్రకటనలే. కొత్త చోటికి మారాం, భాగస్వామ్యం విడిపోయింది, కెమెరాలూ సామానూ వేలం, సహాయకుడు కావలెను. ఇలాంటి నాలుగు వరసల ప్రకటనలోనే అసలు కథ ఉంటుంది. కోర్టు వార్తలు కూడా వదలకండి. 1860లో డబ్లిన్‌లో టర్నర్ వర్సెస్ రాబిన్సన్ అనే కేసు నడిచింది. ఒక ప్రసిద్ధ చిత్రపటంలోని దృశ్యాన్ని గ్రాఫ్టన్ స్ట్రీట్ స్టూడియో యజమాని జేమ్స్ రాబిన్సన్ మనుషులతో మళ్లీ కట్టించి స్టీరియో ఫోటో (లోతు కనిపించే జంట ఫోటో) తీసి అమ్మితే, ఆ హక్కు ఎవరిదని. అలాంటి కేసుల వివరాల్లో స్టూడియో లోపల పని ఎలా జరిగేదో బయటపడుతుంది.

వీలునామాల అసలు కాగితాలు చాలావరకు కాలిపోయినా, 1858 నుంచి అచ్చువేసిన వార్షిక జాబితాలు మిగిలాయి, నేషనల్ ఆర్కైవ్స్ సైటులో ఉన్నాయి. చనిపోయిన తేదీ, చోటు, వృత్తి, ఆస్తి విలువ, ఎవరికి అధికారం ఇచ్చారు, అన్నీ ఒక పేరాలో. ఆ 'ఎవరికి' అన్నచోట స్టూడియో తర్వాత ఎవరి చేతికి వెళ్లిందో తరచూ తెలిసిపోతుంది. స్టూడియో అమ్మేసినా పాత బోర్డు అలాగే ఉంచేవాళ్లు, పేరుతో పాటు నెగిటివ్‌లూ అమ్మేవాళ్లు. కాబట్టి యజమాని చనిపోయాక కూడా ఆయన పేరుతో ఫోటో కనిపిస్తే కంగారు పడకండి.

ఆరో పని: కాపీరైట్ ఫారాలు, మిగిలిన నెగిటివ్‌లు

దీని గురించి చాలామందికి తెలియదు. 1862లో వచ్చిన చట్టం ప్రకారం ఫోటోని లండన్ స్టేషనర్స్ హాల్‌లో రిజిస్టరు చేయించుకోవచ్చు. 1912 దాకా వచ్చిన ఆ ఫారాలు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో 'కాపీ 1' అనే వరసలో ఉన్నాయి. తీసినవారి పేరు, హక్కుదారు పేరు, చిరునామాలు, సంతకం, చాలాసార్లు పక్కనే అంటించిన ఫోటో. బోర్డు పేరు వెనక ఉన్న అసలు మనిషి సంతకం కొన్నిసార్లు ఇక్కడ దొరుకుతుంది.

లాఫాయెట్‌కి 1887లో రాణి విక్టోరియా అధికార పత్రం దొరికింది. తర్వాత గ్లాస్గో, మాంచెస్టర్, 1897లో లండన్ బాండ్ స్ట్రీట్, 1900లో బెల్‌ఫాస్ట్ వరసగా బ్రాంచీలు తెరిచారు. 1897 జూలైలో డెవన్‌షైర్ హౌస్‌లో జరిగిన వేషాల విందుకి తోటలోనే గుడారం వేసి అతిథుల ఫోటోలు తీశారు. వాళ్ల లండన్ నెగిటివ్‌లు 1968లో ఫ్లీట్ స్ట్రీట్‌లో ఒక భవనం అటకమీద బయటపడ్డాయి. ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలోనూ ఉన్నాయి. డబ్లిన్‌లో మొదలైన ఇంటి సరుకు లండన్‌లో దొరికిందన్నమాట. మీ స్టూడియో సరుకు కూడా ఊరు దాటి ఉండొచ్చు, ఆ ఊళ్లోనే వెతికి ఆపేయకండి.

అందరికీ అంత అదృష్టం దక్కలేదు. విలియం లారెన్స్ 1865లో సాక్‌విల్ స్ట్రీట్‌లో, పెద్ద పోస్టాఫీసుకి ఎదురుగా స్టూడియో తెరిచాడు. బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 తిరుగుబాటులో దుకాణం లూటీ అయి, కాలి, మనుషుల ఫోటోల నెగిటివ్‌లన్నీ పోయాయి. ఊళ్ల దృశ్యాలవి డబ్లిన్ శివారు రాత్‌మైన్స్‌లో వేరే చోట ఉండబట్టి మిగిలాయి, వాటిలో సుమారు 40,000 గాజు పలకలని నేషనల్ లైబ్రరీ 1943లో 300 పౌండ్లకి కొన్నది. వాటర్‌ఫర్డ్ పూల్ స్టూడియో గాజు పలకలు కూడా నేషనల్ లైబ్రరీ దగ్గరే ఉన్నాయి. డబ్లిన్ టెంపుల్ బార్‌లోని నేషనల్ ఫోటోగ్రాఫిక్ ఆర్కైవ్‌ని 1998లో ఇలాంటి ఫోటోల కోసమే తెరిచారు. వెళ్లే ముందు ఆన్‌లైన్ కేటలాగులో స్టూడియో పేరుతో పాటు ఊరి పేరుతోనూ వెతికి, ఏ పెట్టె కావాలో నంబరు రాసుకుని వెళ్లండి. బెల్‌ఫాస్ట్ వైపు అయితే అల్‌స్టర్ మ్యూజియం. అక్కడ రాబర్ట్ వెల్చ్ తీసిన గాజు పలకలు ఉన్నాయి. ఆయన తండ్రి కూడా ఫోటోగ్రాఫరే, తండ్రీకొడుకుల వరస అలవాటు చేసుకోవడానికి మంచి ఉదాహరణ.

పట్టిక సగం నిండేసరికి రెండు మూడు చోట్ల అయిదారేళ్ల ఖాళీలు మిగులుతాయి. ఊహతో నింపేయకండి, అక్కడ ప్రశ్న గుర్తు పెట్టి ఉంచండి. నేషనల్ లైబ్రరీ తన ఫోటోలని ఫ్లికర్ అనే ఫోటోల సైటులో పెడుతూ ఉంటుంది, అక్కడ చూసేవాళ్లు బోర్డులూ గడియారాలూ ట్రాములూ గుర్తుపట్టి తేదీలు తేల్చడం రోజూ జరుగుతుంది. మీ స్టూడియో ఉన్న వీధి ఫోటో దొరికితే పెద్దది చేసి పై అంతస్తుల గోడలు చదవండి, ఫోటోగ్రాఫర్ బోర్డులు అక్కడే పెద్ద అక్షరాల్లో ఉండేవి. మీరు కనుక్కున్నది ఆధారాలతో సహా వాళ్లకి రాసి పంపండి. అట్ట మీద మాత్రం పెన్ను పెట్టకండి. ఆమ్లం లేని కాగితపు కవరు మీద వివరాలన్నీ ముందుగా పెన్సిల్‌తో రాసి, ఆ తర్వాతే అట్టని అందులో ఉంచండి.